ఒకటో తరగతి అయ్యోరు

బడి బీరువాలో ఉండే పుస్తకాలన్నిట్లోకీ విలువైంది అడ్మిషన్ రిజిస్టరు. పాఠ్యపుస్తకాలు కొన్నేళ్లకోసారి మారిపోతాయి. హాజరుపట్టీలు నిండాక కట్టగట్టి అటకెక్కిస్తాం. భోజనం లెక్కలు ఇప్పుడు ఫోనులోకి పోయాయి. అడ్మిషన్ రిజిస్టరు మాత్రం బడి ఉన్నన్నాళ్లూ ఉండాల్సిందే. వరస నంబరు, పిల్లవాడి పేరు, తల్లిదండ్రుల పేర్లు, కులం, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, చేరిన తేదీ, వదిలిన తేదీ. ఒక మనిషికి ఒక వరస. టీసీ రాసేది ఆ వరస చూసే. స్టడీ సర్టిఫికెట్టూ అంతే. కులం సర్టిఫికెట్టుకు పోతే తాసిల్దారు ఆఫీసులో ముందు అడిగేది బడి కాగితమే. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినప్పటి నుంచి లోకలా, నాన్‌లోకలా తేల్చడానికి నాలుగు నుంచి పది దాకా ఎక్కడ చదివారో చూస్తున్నారు. అందులో మొదటి రెండేళ్లు మా ప్రాథమిక పాఠశాలలవే.

ఈ సంగతి నాకు టీచరు ట్రైనింగు చదివిన పల్లెపాడు డైట్‌లో ఎవరూ చెప్పలేదు. అక్కడ పిల్లల మనస్తత్వం చెప్పారు, అట్టలతో బోధనోపకరణాలు చేయించారు. అది 1921లో గాంధీగారు వచ్చి పినాకిని ఆశ్రమం ప్రారంభించిన ఊరు కాబట్టి ఆ చరిత్రా చెప్పారు. రిజిస్టరు గురించి చెప్పింది మాత్రం, 1996 డీఎస్సీలో ఎంపికై నేను చేరిన మొదటి బడి హెడ్మాస్టరు. మనుబోలు మండలంలో, హైవేకి తూర్పున ఒక పల్లె. ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద కట్టిన రెండు గదులు, ముందొక వరండా. ఐదు తరగతులకు ఇద్దరం టీచర్లం.

చేరిన రోజే పని పంచేశారు. "అమ్మా, మూడూ నాలుగూ అయిదూ నువ్వు చూసుకో. ఒకటీ రెండూ నావి. హాజరుపట్టీ నువ్వు రాయి, జీతాల బిల్లు నువ్వు రాయి, నెలవారీ రిపోర్టులు నువ్వు రాయి. అడ్మిషన్ రిజిస్టరు మాత్రం నేనే రాస్తా." నాకు కొంచెం గుచ్చుకుంది. కొత్తగా వచ్చిన ఆడపిల్ల దస్తూరీ మీద నమ్మకం లేదేమో అనుకున్నాను. నా దస్తూరీ బాగానే ఉంటుందని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు గానీ రిజిస్టరు మాత్రం ఇవ్వలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. బడికి చేసిన సాయానికి గోడ మీద పేరు రాయిస్తామని ఊరివాళ్లు అంటేనే వద్దన్న మనిషి. ఊళ్లో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లూ లేరు. పెద్దవాళ్లకు అయ్యోరు, పిలకాయలకు సారు, నాకూ సారే. 1963లో ఇరవై ఏళ్ల వయసులో పంచాయతీ సమితి బడిలో చేరారు. రాష్ట్రంలో సమితులు వచ్చి అప్పటికి నాలుగేళ్లు. సమితి అయ్యోరంటే ఊళ్లో ఉత్తరాలు చదివిపెట్టాలి, మనియార్డరు ఫారాలు నింపాలి, తగువులొస్తే దస్తావేజు చదివి వినిపించాలి. కేర్ సంస్థ వాళ్ల గోధుమరవ్వ, పాలపొడి, సలాడ్ ఆయిలు డబ్బాలు దింపుకుని పిల్లలకు ఉప్మా వండించాలి. ఆ నూనె డబ్బాలు ఖాళీ అయ్యాక ఊళ్లో ఎవరికి ఇచ్చినా రెండోవాళ్లకు కోపం వచ్చేదట. అందుకని వాటికి మట్టినింపి వరండా ముందు మందారాలు నాటించారట. నేను చేరేనాటికి డబ్బాలు లేవు, మందారాలు మాత్రం గోడెత్తు పెరిగి ఉన్నాయి.

ఇక రిజిస్టరు సంగతి. డెబ్బైల్లో, ఎనభైల్లో మా పల్లెల్లో పుట్టినవాళ్ల పదో తరగతి సర్టిఫికెట్లు తీసి చూడండి. ఎంతోమందికి పుట్టినరోజు జూన్ ఒకటో, జూలై ఒకటో ఉంటుంది. అందరూ ఆ రోజుల్లోనే పుట్టారని కాదు. బడి తెరిచేనాటికి ఐదేళ్లు నిండాలి కాబట్టి, అయ్యోరు వేళ్ల మీద వెనక్కి లెక్కగట్టి ఒక తేదీ వేసేసేవాడు. తల్లిదండ్రులకూ అభ్యంతరం లేదు. మా సారుకు అది నచ్చేది కాదు. "పుట్టినరోజు దేవుడిచ్చింది, మనమెవరం మార్చడానికి" అని నవ్వుతూ అనేవారు గానీ అసలు కారణం వేరే. సమితి బడిలో చేరిన కొత్తలో ఒక కుర్రాడు పోలీసు సెలక్షనుకు వయసు కొన్ని రోజులు చాలక వెనక్కి వచ్చాడట. వాడి తల్లి వచ్చి, "మావాడు పండక్కి ముందే పుట్టాడయ్యోరా, మీరే కదా ఆలస్యంగా పుట్టినట్టు రాసుకుంది" అని వరండాలో కూర్చుని ఏడ్చిందట. రాసింది ఈయన కాదు, ఈయనకు ముందు పనిచేసినాయన. అయినా ఆ రోజు నుంచి ఒక పట్టిక మొదలుపెట్టారు.

ఆ పట్టిక ఒక రూళ్ల పుస్తకం వెనకపేజీల్లో ఉండేది. మనుషులకు గుర్తుండే రోజులన్నీ అందులో తేదీలతో సహా ఉండేవి. 1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణం, ఎవరూ ఇళ్లలోంచి బయటికి రాని రోజు. 1982 ఆగస్టు 24 గొలగమూడి వెంకయ్యస్వామి సమాధి అయిన రోజు. 1983 జనవరి 9 రామారావు ముఖ్యమంత్రి అయిన రోజు. 1984 అక్టోబరు 31 ఇందిరమ్మ పోయిన రోజు, ఆ వెంటనే నవంబరులో వచ్చిన తుపాను. 1991 మే 21 రాజీవ్ గాంధీ. వీటికితోడు పాత గోడ క్యాలెండర్లన్నీ చుట్టచుట్టి బీరువా మీద పెట్టుకునేవారు.

జూన్‌లో పిల్లల్ని చేర్చుకునే రోజుల్లో ఆయన పక్కన కూర్చోవడమే నాకు పెద్ద ట్రైనింగు.

"ఏమ్మా, బిడ్డ పుట్టింది కోతలకు ముందా, తర్వాతా?"

"కోతలెప్పుడో అయిపోయినాయయ్యోరా. గొలగమూడి సామి ఆరాధనకు పోయొచ్చినాము. ఆ వారంలోనే నొప్పులొచ్చినాయి."

"ఏ ఏడు ఆరాధన?"

"రాజీవ్ గాంధీని చంపినారే, ఆ ఏడు."

"ఏ వారం కన్నావు?"

"శుక్రవారమయ్యోరా. తెల్లారి సంతకు పోవాల్సిన ఆయన పోకుండా ఉండిపోయినాడు."

ఆయన క్యాలెండరు విప్పి, ఆగస్టు 24 శనివారం అని చూసి, వేలు కిందికి జరిపి, 30-8-1991 అని రాసేవారు. అంకెల కింద అక్షరాల్లోనూ రాసేవారు. "ఒట్టి అంకెలైతే మూడుని ఎనిమిది చేసేవాళ్లుంటారమ్మా." రాశాక ఆ తల్లికి పైకి చదివి వినిపించి, అప్పుడు సంతకమో వేలిముద్రో తీసుకునేవారు. ఒక్కో పిల్లవాడికి పావుగంట పట్టేది. బయట వేపచెట్టు కింద ఉన్నవాళ్లు విసుక్కునేవాళ్లు.

కులం గడి దగ్గర ఇంకా జాగ్రత్త. మా ఊరి కాలవ గట్టు మీద యానాదుల ఇళ్లు కొన్ని ఉండేవి. వేరే చోట్ల ఆ పిల్లలకు కులం గడిలో ఒకచోట గిరిజన అనీ, ఒకచోట ఎస్టీ అనీ, ఒకచోట ఏమీ రాయకుండానూ వదిలేసినవి నేనే చూశాను. ఇరవై ఏళ్ల తర్వాత సర్టిఫికెట్టు అడిగితే ఆఫీసువాళ్లకు అదే సాకు. సారు ఏ పిల్లవాడికైనా "యానాది (ఎస్టీ)" అని పూర్తిగా రాసేవారు. తెల్లదొరల కాలంలో నేరస్థ తెగల చట్టం కింద ముద్రవేసి ఠాణాలో హాజరు వేయించుకున్న కులాల్లో యానాదులూ ఉన్నారు. ఆ చట్టం పోయింది 1952లో. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు ఆ మనుషుల కోసం జీవితమంతా పనిచేసి 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. సారు ఆ పేరు తలుచుకోకుండా యానాది పిల్లవాడిని చేర్చుకోవడం నేను చూడలేదు. "వాళ్ల తాతలు ఠాణాలో హాజరు పలికినారమ్మా. వీళ్లు మన దగ్గర పలకాల."

హాజరంటే గుర్తొచ్చింది. 1995 నుంచి బడికి వచ్చే పిల్లలకు నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చేవాళ్లు, హాజరు 80 శాతం ఉంటేనే. ఆ రోజుల్లో చాలా బడుల్లో పట్టీలు కళకళలాడేవి, తరగతులు వెలవెలబోయేవి. ఎందుకో చెప్పక్కర్లేదు. పేదవాడి బియ్యం పోగొట్టడానికి ఏ టీచరుకు మనసొప్పుతుంది? మా సారుకూ ఒప్పేది కాదు, అలాగని రాని పిల్లవాడికి గీత పెట్టడానికీ ఒప్పేది కాదు. మధ్యేమార్గం సైకిలు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతలవుతుంటే యానాది పిలకాయలు తల్లిదండ్రుల వెంట కయ్యల్లోకి పోయేవాళ్లు. పరిగె ఏరుతారు, ఎలక బొక్కలు తవ్వి వడ్లు తీస్తారు. ఏ కయ్య ఏ రోజు కోస్తున్నారో సారుకు రైతులకన్నా ముందు తెలిసేది. పొద్దున్నే సైకిలేసుకుని గట్టు మీద దిగేవారు. తిట్టేవారు కాదు, నీతులు చెప్పేవారూ కాదు. వాళ్లు తవ్వే బొక్క పక్కనే గొంతుక్కూర్చుని, "ఎన్ని దొరికినాయిరా? అయిపోయాక రాండి, పదిన్నరకు పేర్లు పిలుస్తా" అని వచ్చేసేవారు. పదిన్నరకు పిలకాయలు మోకాళ్ల దాకా బురదతో వచ్చేవాళ్లు. తొమ్మిదిన్నరకు పిలవాల్సిన పేర్లు ఆ నెలల్లో మా బడిలో పదిన్నరకు పిలిచేవాళ్లం. ఒకసారి తనిఖీకి వచ్చినాయన ఇదేమిటని అడిగితే, "పిల్లలొచ్చాకే కదండీ పిలవాల్సింది" అన్నారు. ఆయన రిజిస్టరు చూశాడు, గదిలోకి తొంగిచూశాడు, రెండు లెక్కలూ సరిపోయేసరికి కాఫీ తాగి వెళ్లిపోయాడు.

చంటిబిడ్డల్ని ఎత్తుకోవాల్సిన ఆడపిల్లలు ఉండేవాళ్లు. ఆ బిడ్డను కూడా తీసుకురమ్మనేవారు. నా మూడో తరగతిలో ఎప్పుడూ ఒకరో ఇద్దరో చంటివాళ్లు దుప్పటి మీద పడుకుని ఉండేవాళ్లు. మొదట్లో చిరాకుపడ్డాను. తర్వాత వాళ్లు లేని రోజు గది బోసిగా ఉండేది.

ఒకటో తరగతి దగ్గరికి వస్తాను. అసలు నేను ఇది రాస్తున్నదే అందుకు.

మా వృత్తిలో ఒక అలవాటుంది. బడిలో అనుభవం ఉన్న టీచరు ఐదో తరగతి తీసుకుంటాడు. నవోదయ పరీక్ష ఐదులోనే రాస్తారు. ఒక్కడికి సీటొచ్చినా పేపర్లో ఫొటో వస్తుంది, ఊళ్లో పేరొస్తుంది. ఒకటో తరగతిలో ఏముంది? ఏడుపులు, కారే ముక్కులు, తడిసిన నిక్కర్లు. ఏడాది చివర పిల్లవాడు నాలుగు ముక్కలు చదివితే అదేమంత గొప్పా అంటారు. అందుకని దాన్ని కొత్తగా వచ్చినవాళ్లకో, విద్యావాలంటీర్లకో అంటగడతారు. మా సారు ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఒకటో తరగతిని వేరేవాళ్లకు ఇవ్వలేదు. "ఐదో తరగతిలో పిల్లవాడు చదవలేకపోతే తప్పు ఐదో తరగతి టీచరుది కాదమ్మా. పునాదిలో ఇటుక జారింది. దాన్ని నాలుగేళ్ల తర్వాత ఎవరు సర్దగలరు?"

ఆయన పద్ధతి పక్క గదిలోంచి వింటూ, ఇంటర్వెల్లులో తొంగిచూస్తూ నేర్చుకున్నాను. జూన్, జూలైలలో అక్షరాల ఊసే లేదు. సున్నాలు చుట్టించేవారు. ఇసుకలో వేలితో, నేల మీద సుద్దతో, ఆ తర్వాతే పలక మీద బలపంతో. పెద్దసున్న, చిన్నసున్న, తెరిచిన సున్న, పక్కపక్కనే అంటుకున్న రెండు సున్నాలు. తెలుగు అక్షరాల్లో ఎక్కువ భాగం గుండ్రనివే. సున్న చుట్టడం చేతికొస్తే సగం పని అయినట్టే. చెయ్యి పట్టుకుని దిద్దించడం ఆయనకు ఇష్టముండేది కాదు. "మనం పట్టుకుంటే అది మన చెయ్యి, వాడిది కాదు" అనేవారు.

ఆగస్టు నుంచి అక్షరాలు. అ ఆ ఇ ఈ వరసలో కాదు, ఒకేలాంటివి ఒకచోట చేర్చి చెప్పేవారు. ప పక్కన వ. వ పక్కన మ. మ పక్కన య. మామూలుగా టీచర్లు ఇవి కలిసిపోతాయని దూరదూరంగా చెబుతారు. ఈయన పక్కపక్కనే పెట్టి, తేడా పిల్లవాడి చేతనే చెప్పించేవారు. అన్నిటికన్నా వాళ్లను తికమకపెట్టేది వు. మిగతా అక్షరాలకు కొమ్ము పక్కన పెడతాం. వకు కూడా అలాగే పెడితే అది మ అయిపోతుంది. అందుకే పు, వులకు కొమ్మును కింది నుంచి తిప్పుతాం. ‘ఆవు’ అని రాయమంటే ‘ఆమ’ అని రాసేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. పెద్ద తరగతుల టీచర్లకు అది పరధ్యానంగా కనిపిస్తుంది. ఆయనకు మాత్రం వాడు కొమ్మును ఎక్కడ మొదలుపెడుతున్నాడో కనిపించేది. పలక వైపు చూసేవారు కాదు, బలపం పట్టిన వేళ్ల వైపు చూసేవారు. నేను చాలా ఏళ్ల తర్వాత గానీ అలా చూడటం నేర్చుకోలేదు.

మధ్యాహ్నం నిద్రవేళకు ఒక ఆట. పిలకాయలు వరసగా ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. చివరివాడి వీపు మీద సారు వేలితో ఒక అక్షరం రాస్తారు. వాడు ముందువాడి వీపు మీద రాయాలి. అలా అలా మొదటివాడి దాకా వచ్చేసరికి గ కాస్తా శ అయ్యేది, గదంతా నవ్వులే. ఎవరి వీపు దగ్గర మారిందో వెనక్కి పోయి పట్టుకోవడం ఆటలో రెండో సగం. ఏ అక్షరం ఎవరికి రాలేదో పరీక్ష పెట్టకుండానే తేలిపోయేది. డిసెంబరుకల్లా పాత జమీన్ రైతు పేపర్లు చింపి తలా ఒక ముక్క ఇచ్చి, తెలిసిన అక్షరాలకు పెన్సిలుతో సున్న చుట్టమనేవారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన పిల్లవాడు అంగడి బోర్డు కూడబలుక్కుని చదివాడని తల్లి వచ్చి చెబితే, ఆయనకు అదే రిజల్టు.

లెక్కల్లో ఆయనకు ఒక పాఠం ఎదురొచ్చింది, దాన్ని చక్కగా వాడుకున్నారు. తొంభైల మొదట్లో మా తీరమంతా రొయ్యల గుంటలు వచ్చాయి. 1994, 95లలో తెల్లమచ్చ తెగులు తగిలి చాలామంది దెబ్బతిన్నా గుంటలు పోలేదు. మా పిల్లల తండ్రులు ముత్తుకూరు వైపు, చిల్లకూరు వైపు గుంటల దగ్గర కాపలాకు, పట్టుబడులకు పోయేవాళ్లు. రొయ్యల ధర కౌంటును బట్టి ఉంటుంది. కిలోకు ముప్పై తూగితే ముప్పై కౌంటు, నలభై తూగితే నలభై కౌంటు. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, రేటు తక్కువ. భాగహారంలో పిల్లల బుర్రకు ఎక్కనిది సరిగ్గా ఇదే, పంచుకునేవాళ్లు పెరిగితే వాటా తగ్గుతుందని. సాయంత్రం ఆఖరి పీరియడులో అన్ని తరగతుల్నీ వరండాలో కూర్చోబెట్టి నోటిలెక్కలు అడిగేవారు. "నలభై కౌంటు రొయ్య ఒకటి ఎంత తూగుతుంది?" ఐదో తరగతిలో క్లాసు పుస్తకం లెక్క ఒక్కటీ చెయ్యలేని యానాది కుర్రాడు, "ఇరవై అయిదు గ్రాములు సార్" అని అందరికన్నా ముందు అరిచాడు. వెయ్యిని నలభైతో భాగించడమని వాడికి తెలియదు. వాళ్ల నాయన గుంట గట్టు మీద రోజూ చేసే లెక్క అది. సారు ఆ మరుసటి రోజు అదే లెక్కను బోర్డు మీద భాగహారంగా వేసి, వాడినే పిలిచి చేయించారు. నేను ఇప్పటికీ భాగహారం అలాగే మొదలుపెడతాను. టైగరు రొయ్య పోయి వన్నామీ వచ్చింది, కౌంటు మాత్రం అలాగే ఉంది.

నేను చేరకముందు జరిగిన ఒక సంగతి ఆ రిజిస్టరులోనే చదివాను. తల్లిదండ్రుల సంతకం గడిలో పేజీలకు పేజీలు వేలిముద్రలు. 1991 దాటాక వాటి మధ్య వంకర టింకర సంతకాలు మొదలవుతాయి. చాలావరకు ఆడవాళ్లవే. ఆ ఏడే నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. సారు రాత్రిళ్లు లాంతరు పెట్టుకుని ఊళ్లో ఆడవాళ్లకు చదువు చెప్పారు. జిల్లాలో అలాంటి రాత్రి బడుల్లోనే, వాచకంలోని ఒక పాఠం చదివి దూబగుంట ఆడవాళ్లు సారాయి అంగడి మూయించారు, వాళ్లలో రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది, 1993 అక్టోబరు ఒకటిన సారా నిషేధం వచ్చింది. అదంతా పుస్తకాల్లో ఉంది. మా సారు దాని గురించి అడిగితే వేరే లెక్క చెప్పేవారు. సంతకం నేర్చుకున్న తల్లి తన పిల్లను బడికి పంపకుండా ఉండటం ఆయన చూడలేదట. "సారాయి సంగతి నాకు తెలీదమ్మా. నాకు ఒకటో తరగతి నిండింది."

ఆయనలో అన్నీ మెచ్చుకోదగ్గవే అంటే అబద్ధం. ఇంగ్లీషు రాదు. రాదని ఒప్పుకునేవారు కాదు, ఆ పీరియడు వస్తే ఏదో ఒక పని ఉందని నన్ను పంపేవారు. ఆటపాటలతో చదువంటే పెదవి విరిచేవారు. శిక్షణకు పోయి నేను నేర్చుకొచ్చిన అభినయ గేయాలు పిల్లలు పాడుతుంటే గుమ్మం దగ్గర నిలబడి, "బాగుంది, ఇక పలకలు తియ్యండి" అనేవారు. సెలవు అడిగితే ముఖం ముడుచుకునేవారు. డీపీఈపీ కింద ఏడాదికి టీచరుకు ఐదొందలు ఇస్తే చార్టులు, రంగులు కొనకుండా పలకలు కొనేశారు, నా వాటాతో సహా. చాలా ఏళ్లు ఈతబరికె కూడా పట్టుకుని తిరిగారట, నేను చూడలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. తన మనవళ్లను నెల్లూరులో కాన్వెంటుకు పంపుతుంటే ఆయన అడ్డుచెప్పలేదు. నేను అడిగితే, "మీ పిల్లల్నెక్కడ చదివిస్తున్నావు?" అని ఎదురడిగారు. నా దగ్గరా సమాధానం లేదు.

సెప్టెంబరు ఐదు వస్తే మండలంలో ఉత్తమ ఉపాధ్యాయుల పేర్లు చదువుతారు. ఎవరి పుట్టినరోజున ఇది జరుపుకుంటామో ఆ రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు సర్వేపల్లి, మా పక్క ఊరే. మనుబోలు ఉన్న నియోజకవర్గం పేరు కూడా సర్వేపల్లే. ఆ అవార్డుకు మా సారు పేరు ఎందుకు రాలేదని బయటివాళ్లు అడుగుతుంటారు. అవార్డుకు టీచరే దరఖాస్తు పెట్టుకోవాలి. తను చేసిన మంచిపనులు తనే రాసి, ఫొటోలు అంటించి, ఫైలు కట్టి ఇవ్వాలి. ఆయన పెట్టలేదు, రాలేదు. ఇందులో గొప్పా లేదు, అన్యాయమూ లేదు.

2001లో 58 ఏళ్లకు రిటైరయ్యారు. ఆ రోజు రిజిస్టరు నా చేతికిచ్చి, చివరి పేజీలో ఎక్కడిదాకా రాశారో గీతగీసి సంతకం పెట్టారు. ఆ తర్వాత ఆయన గూడూరులో, నేను బదిలీల మీద ఊరూరూ తిరిగి, కొన్నేళ్లకు మళ్లీ అదే బడికి.

2015 నవంబరు వానలు మా జిల్లావాళ్లు మర్చిపోలేరు. మనుబోలు దగ్గర హైవే మీదికి నీళ్లెక్కి రాకపోకలు ఆగిపోయాయి. బడిలోకీ వచ్చాయి. నీళ్లు తీశాక బీరువా కింది అర తెరిస్తే అడ్మిషన్ రిజిస్టరు ముద్దయి ఉంది. పేజీలు ఒక్కొక్కటీ విడదీసి తాడు మీద ఆరేశాం. నేనూ, నా తర్వాత వచ్చినవాళ్లూ బాల్‌పెన్నుతో రాసినవి చెక్కుచెదరలేదు. సారు రాసినవి, బాల్‌పెన్ను ముట్టని మనిషి ఇంకుపెన్నుతో ముత్యాల్లా రాసినవి, నీలపుమరకలై కారిపోయాయి. కారిపోయినవి అన్నీ పాత పేర్లే. ఉద్యోగాలకు, పింఛన్లకు సర్టిఫికెట్లు కావాలని వచ్చే వయసువాళ్లవే.

ఫోను చేసి చెప్పాను. రెండోరోజు ఆటోలో వచ్చారు, చేతిసంచిలో రూళ్ల పుస్తకాలు పట్టుకుని. రిజిస్టరులో రాసే ప్రతి వరసనూ ఆయన ముందు ఆ పుస్తకంలో రాసుకుని సరిచూసుకునేవారట. పెన్సిలుతో. తప్పయితే చెరుపుకోవచ్చని. మరక పేజీల్లో మిగిలిన అక్షరాలతో ఒక్కో పేరూ పోల్చుకుంటూ మళ్లీ రాశాం. ఎంఈఓ గారు వచ్చి చూసి ప్రతి పేజీకీ ధ్రువీకరణ సంతకం పెట్టారు. ఆ పని జరుగుతున్నన్ని రోజులూ సారు మధ్యాహ్నం అన్నానికి లేచి, తిరిగొస్తూ ఒకటో తరగతి గుమ్మం దగ్గర కాసేపు ఆగేవారు. అప్పటి ఒకటో తరగతి టీచరు చిన్నమ్మాయి. ఆయన ఎవరో తెలియక, "ఎవరు కావాలండీ?" అని అడిగింది. "వాడు కొమ్ము పైనుంచి తిప్పుతున్నాడమ్మా, చూడు" అని ఒక పిల్లవాడి వైపు వేలు చూపించారు.

2021లో కరోనా రెండో దశలో పోయారు. వెళ్లి చూసే వీలు ఎవరికీ లేకపోయింది.

ఆ తర్వాత మా బడుల్లో చాలా జరిగాయి. నాడు-నేడు పథకంలో టైల్స్ వేశారు, మరుగుదొడ్లు కట్టారు, కొన్నిచోట్ల టీవీలు పెట్టారు. ఇది మంచి మార్పు, కాదనను. 2022లో 117 జీవో వచ్చి చాలా ఊళ్లలో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకు కలిపారు, 2025లో ఆ జీవోను పక్కనపెట్టి బడుల్ని ఇంకో రకంగా సర్దారు. కలిపినా విడదీసినా పల్లెబడికి ఒకటి, రెండు తరగతులు మాత్రం మిగులుతాయి. ఎల్‌ఎఫ్‌ఎల్ హెచ్‌ఎంగా (అంటే ప్రాథమిక బడి హెడ్మాస్టరుగా) ప్రమోషను వచ్చాక నేనూ ఒకటో తరగతే తీసుకుంటున్నాను. జూన్, జూలైలలో సున్నాలు చుట్టిస్తాను. అభినయ గేయాలు కూడా పాడిస్తాను, సారు ఏమనుకున్నా సరే.

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు. ఎంపికైనవాళ్లు బడుల్లో చేరారు. చురుకైన పిల్లలు, మాకన్నా ఎక్కువ చదువుకున్నవాళ్లు. నాతోటి హెచ్‌ఎంలకు నేను చెప్పేది ఒకటే. వాళ్లు కొత్తవాళ్లు కదా అని ఒకటో తరగతి వాళ్లకు అప్పగించి మీరు ఐదో తరగతిలో కూర్చోకండి. ఐదు వాళ్లకివ్వండి, నవోదయకు వాళ్లు మనకన్నా బాగా తయారుచేస్తారు. ఒకటి మీరు తీసుకోండి. పిల్లల్ని బడికి పంపే తల్లిదండ్రులకూ ఒక మాట. బడిలో ఎన్ని కంప్యూటర్లున్నాయో తర్వాత అడగవచ్చు. ముందు ఒకటో తరగతి ఎవరు చెబుతున్నారో అడగండి. అందరికన్నా సీనియరు టీచరు చెబుతుంటే ఆ బడిలో చేర్చండి.